అమెరికా తీర జలాల్లో జియోఫిజికల్ సర్వేకు అనుమతి: మ్యాపు గీయడం నుంచి తుది నివేదిక దాకా

పడవ ఖాయమైంది, సోనార్ అద్దెకు దొరికింది, వచ్చే నెల సముద్రం నిమ్మళంగా ఉంటుందట. ఇక అనుమతి ఎన్నాళ్లలో వస్తుందో చెప్పండి. అమెరికాలో సర్వే సంస్థల్లో కొత్తగా చేరినవారూ, అక్కడ సముద్ర శాస్త్రం చదువుతున్న పరిశోధక విద్యార్థులూ తరచూ అడిగే ప్రశ్న ఇది. ప్రశ్నలోనే వరుస తలకిందులైంది. ముందు నేల, తర్వాత చప్పుడు, ఆ తర్వాత కాగితాలు, అన్నిటికంటే చివర పడవ.

సముద్రగర్భం కింద మట్టి పొరలను చూడాలన్నా, కేబులు వేసే దారి వెతకాలన్నా మీరు వాడే సాధనం చాలావరకు శబ్దమే. కాబట్టి ప్రతి ప్రభుత్వ శాఖ మిమ్మల్ని రెండే ప్రశ్నలు అడుగుతుంది: ఆ నేల ఎవరిది? మీ చప్పుడు ఎంత? మొదటిదానికి జవాబు ఒక మ్యాపు, రెండోదానికి జవాబు ఒక పట్టిక. ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతా దరఖాస్తులు చాలావరకు వాటి నకళ్లే.

ఈ వ్యాసంలో రాష్ట్ర జలాలకు ఉదాహరణగా కాలిఫోర్నియాను తీసుకుంటున్నాను. తక్కువ శక్తి సర్వేలకు (ఎయిర్ గన్ వంటి పెద్ద చప్పుడు లేనివాటికి) షరతులను విడివిడిగా, స్పష్టంగా రాసిపెట్టిన రాష్ట్రం అది.

1. నేల ఎవరిదో తేల్చండి

1953 నాటి సబ్‌మర్జ్‌డ్ ల్యాండ్స్ చట్టం ప్రకారం తీరం నుంచి 3 నాటికల్ మైళ్ల వరకు నీట మునిగిన నేల ఆయా రాష్ట్రాలది. టెక్సాస్‌కూ, గల్ఫ్ వైపు ఫ్లోరిడాకూ మాత్రం సుమారు 9 నాటికల్ మైళ్లు. అది దాటితే ఫెడరల్ ప్రభుత్వానిది. అక్కడి గనులు, చమురు, పవన విద్యుత్తు వ్యవహారాలు బీఓఈఎం అనే సంస్థ చూస్తుంది.

సముద్రం వైపు గీత సులువు, చార్టు మీద కనిపిస్తుంది. చిక్కంతా ఒడ్డు వైపు గీతతోనే. కాలిఫోర్నియాలో సాధారణ పోటు గీతకు దిగువన ఉన్నది ప్రజల నేల. మసాచుసెట్స్, మెయిన్ రాష్ట్రాల్లో పోటుకూ పాటుకూ మధ్య ఉన్న ఇసుక చాలాచోట్ల ప్రైవేటు సొత్తు. వాషింగ్టన్ రాష్ట్రం 1971 వరకు అలాంటి భూములను అమ్మేసింది. కాబట్టి అక్కడ ఒక్కో ముక్కకీ యజమాని ఎవరో వెతకాలి. ఇసుకలో ఒక జియోఫోన్ (నేల కంపనాలు కొలిచే పరికరం) గుచ్చాలన్నా ఆ యజమాని అనుమతి కావాలి. రాష్ట్రం ఇచ్చే కాగితం అక్కడ పనికిరాదు.

ఇంకో పొర ఉంది. కాలిఫోర్నియా శాసనసభ కొన్ని తీర భూములను నగరాలకూ రేవులకూ అప్పగించింది. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్, శాన్ డియాగో రేవులు అలాంటివే. మీ సర్వే గీత, అంటే పడవ కొలుస్తూ నడిచే దారి, రేవులోకి వెళ్తే రేవు అధికారులను విడిగా అడగాలి.

చాలామంది మరిచేది పడవ మలుపు. మ్యాపులో సర్వే గీతలు రాష్ట్ర జలాల్లోనే ఆగుతాయి. పడవ మాత్రం ఒక గీత చివర నుంచి తర్వాతి గీతకు తిరగడానికి అర కిలోమీటరో, అంతకంటే ఎక్కువో బయటికి వెళ్తుంది. ఆ మలుపులో సోనార్ మోగుతూనే ఉంటే మీరు అనుమతి లేని నీటిలో సర్వే చేస్తున్నట్టే. అందుకే మ్యాపులో గీతలు మాత్రమే కాకుండా మలుపులతో సహా చుట్టుకొలత గీయండి.

మ్యాపు పూర్తయిందనుకునే ముందు ఇవి చూసుకోండి:

- రాష్ట్ర, ఫెడరల్ సరిహద్దు గీత ఉందా?
- ఒడ్డు వైపు గీత ఏ పోటు మట్టం ఆధారంగా గీశారో రాశారా?
- రేవులకు, నగరాలకు అప్పగించిన భూములు గుర్తించారా?
- జాతీయ సముద్ర అభయారణ్యాలు, రాష్ట్ర రక్షిత సముద్ర ప్రాంతాలు వేశారా? కాలిఫోర్నియాలో రాష్ట్ర రక్షిత ప్రాంతాలే 124 ఉన్నాయి.
- సైనిక విన్యాసాల ప్రాంతాలు, కేబుళ్లు, పైపులైన్లు, తెలిసిన ఓడ శిథిలాలు?
- అక్షాంశ రేఖాంశాలు ఏ డేటమ్‌లో (స్థానాలు కొలిచే ఆధార చట్రంలో) ఉన్నాయి? ఎన్ఏడీ 83కూ డబ్ల్యూజీఎస్ 84కూ మధ్య తేడా మీటరు, రెండు మీటర్లు ఉంటుంది. తిమింగలాలకు అది పట్టదు గానీ, సరిహద్దు మీద పోయే గీతకు పడుతుంది.

2. చప్పుడు పట్టిక రాయండి

ముందు పరికరాలను రెండు కుప్పలు చేయండి. శబ్దం పంపనివి ఒక కుప్ప: మాగ్నెటోమీటర్, గ్రావిమీటర్, కెమెరా. శబ్దం పంపేవి రెండో కుప్ప: లోతు కొలిచే ఎకోసౌండర్లు, అడుగు ఉపరితలాన్ని చూపే సైడ్ స్కాన్ సోనార్, అడుగు కింది పొరలను చూపే సబ్ బాటమ్ ప్రొఫైలర్, బూమర్, స్పార్కర్, ఎయిర్ గన్. మొదటి కుప్పకు ప్రశ్నలు తక్కువ. అయినా పట్టికలో రాయండి. రాయని పరికరం పడవ మీద కనిపిస్తే మిగతా పట్టిక మీదా అనుమానం మొదలవుతుంది.

శబ్దం పంపే ప్రతి పరికరానికీ ఈ వివరాలు కావాలి:

- తయారీదారు, మోడల్
- వాడబోయే ఫ్రీక్వెన్సీ, కిలోహెర్ట్జ్‌లలో
- శబ్ద తీవ్రత, ఏ కొలమానంలోనో స్పష్టంగా
- ఒక్కో పల్స్ నిడివి, సెకనుకు ఎన్ని పల్సులు
- కిరణం వెడల్పు, అది ఏ దిక్కుకు పోతుంది
- పరికరం నీటిలో ఎంత లోతున ఉంటుంది
- రోజుకు ఎన్ని గంటలు మోగుతుంది

ఫ్రీక్వెన్సీ గడిని తేలిగ్గా తీసుకోకండి. 180 కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దం సముద్ర క్షీరదాల వినికిడి పరిధికి బయట ఉంటుందని ఫెడరల్ మత్స్య సంస్థ పరిగణిస్తుంది. 200 కిలోహెర్ట్జ్ పైన పనిచేసే మల్టీబీమ్‌తో (ఒకేసారి అనేక కిరణాలు పంపే ఎకోసౌండర్‌తో) పని జరిగిపోతే చర్చ చాలావరకు అక్కడే ముగుస్తుంది. బూమరో స్పార్కరో కావాలంటే చర్చ అక్కడే మొదలవుతుంది. కాబట్టి పరికరం ఎంచుకునే ముందు గట్టిగా ప్రశ్నించుకోండి: మట్టి పొరలు నిజంగా చూడాలా, అడుగు ఉపరితలం చాలా? అవసరం లేని బూమర్‌ను 'ఎందుకైనా మంచిదని' దరఖాస్తులో చేర్చి నెలలు పోగొట్టుకున్న బృందాలను చూశాను.

ఇక డెసిబెల్. దరఖాస్తుల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. నీటిలో కొలిచే ఆధారం 1 మైక్రోపాస్కల్, గాలిలో 20. ఆ ఒక్క తేడాకే 26 డెసిబెల్స్ పోతాయి. దాని మీద, తయారీదారు కరపత్రంలో ఉన్నది పీక్ విలువా, పీక్ నుంచి పీక్‌కు కొలిచినదా, ఆర్ఎంఎస్ సగటా అన్నది చూడాలి. పీక్ నుంచి పీక్ విలువ సాధారణంగా పీక్ కంటే 6 డెసిబెల్స్ ఎక్కువ. ఆర్ఎంఎస్ ఇంకా తక్కువ. ఏదో రాయకుండా అంకె ఒక్కటే వేస్తే అధికారి అన్నిటికంటే కఠినమైన అర్థం తీసుకుంటాడు. అది న్యాయమే.

జంతువులు బెదిరే హద్దుగా పల్సులుగా వచ్చే శబ్దానికి మత్స్య సంస్థ 160 డెసిబెల్స్ ఆర్ఎంఎస్ వాడుతుంది. మీ పరికరం నుంచి ఆ హద్దు ఎంత దూరమో మీరే లెక్క వేసుకోవచ్చు. పరికరం దగ్గర 200 డెసిబెల్స్ అనుకోండి. 40 తగ్గాలి. శబ్దం అన్ని వైపులకూ గోళంలా వ్యాపిస్తే తగ్గుదల, మీటర్లలో దూరం సంవర్గమానానికి 20 రెట్లు. అంటే 100 మీటర్లలో ఆ 40 తగ్గిపోతాయి. లోతు తక్కువైన చోట శబ్దం ఉపరితలానికీ అడుగుకూ మధ్య చిక్కుకుని దూరం పోతుంది. అక్కడ సంవర్గమానానికి ముందు 20 బదులు 15 పెట్టి లెక్కిస్తే అదే హద్దు సుమారు 464 మీటర్లకు వెళ్తుంది. 100 మీటర్లని రాసిన దరఖాస్తు అధికారి బల్ల మీద 464 అయితే మీ రక్షణ ప్రణాళిక మొత్తం తిరగరాయాల్సిందే. ఏ లెక్క వాడారో, ఎందుకు వాడారో ముందే రాయండి.

మట్టి నమూనాలు కూడా తీస్తారా? వైబ్రోకోర్, గ్రాబ్ వంటివి అడుగును తాకుతాయి. అవి శబ్దం పట్టికలో ఇమడవు. వాటికి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్‌తో వేరే వ్యవహారం ఉంది. సర్వే పనులకు వారి దగ్గర 6వ నంబరు నేషన్‌వైడ్ పర్మిట్ ఉంది. చిన్న పనులు చాలావరకు దాని కిందికి వస్తాయి.

3. ఏ గడప ముందు తొక్కాలి

మ్యాపూ పట్టికా పక్కపక్కన పెట్టుకుంటే మీది కింది మూడింటిలో ఏ దారో తెలిసిపోతుంది.

రాష్ట్ర జలాలు, తక్కువ శక్తి. కాలిఫోర్నియాలో భూయజమాని స్టేట్ ల్యాండ్స్ కమిషన్. తక్కువ శక్తి సర్వేలకు దాని దగ్గర ఒక ప్రత్యేక పర్మిట్ కార్యక్రమం ఉంది. ఆ తరహా సర్వేలన్నిటి పర్యావరణ ప్రభావాన్నీ 2013లో ఒకేసారి పరిశీలించి, తగ్గింపు చర్యలను షరతులుగా మార్చారు. సంస్థ ముందుగా సాధారణ పర్మిట్ తీసుకుంటుంది. ఆ తర్వాత చేసే ఒక్కో సర్వేకు ముందస్తు నోటీసు ఇస్తుంది. అంటే ప్రతిసారీ మొదటి నుంచి దరఖాస్తు చేయనక్కరలేదు. మీ సంస్థకు పర్మిట్ లేకపోతే, ఉన్న సంస్థను ఉప గుత్తేదారుగా పెట్టుకోవడం చాలాసార్లు తెలివైన పని.

రాష్ట్ర జలాలు, ఎక్కువ శక్తి. ఎయిర్ గన్ల వరుస అంటే పూర్తి పర్యావరణ ప్రభావ నివేదిక, బహిరంగ విచారణలు. ఒక అనుమతి వస్తే రెండోది దానంతట అదే వస్తుందన్న భ్రమ వద్దు. డయాబ్లో కాన్యన్ అణు విద్యుత్ కేంద్రం దగ్గర భూకంప భ్రంశాలను చూడటానికి పీజీ అండ్ ఈ సంస్థ తలపెట్టిన సర్వేకు 2012 ఆగస్టులో స్టేట్ ల్యాండ్స్ కమిషన్ ఒప్పుకుంది. అదే ఏడాది నవంబరులో కాలిఫోర్నియా కోస్టల్ కమిషన్ తిరస్కరించింది. పని అక్కడే ఆగింది.

ఫెడరల్ జలాలు. చమురు, గ్యాస్ అన్వేషణకు బీఓఈఎం పర్మిట్ కావాలి. పేలుడు పదార్థాలు, లోతైన తవ్వకం లేని శాస్త్ర పరిశోధనకు పర్మిట్ బదులు కనీసం 30 రోజుల ముందు నోటీసు సరిపోతుంది. పరిశోధక విద్యార్థులు ఈ తేడా తెలియక అక్కరలేని దరఖాస్తు నింపుతుంటారు. పవన విద్యుత్తు లీజుదారులది వేరే దారి. వారు లీజు షరతుల కింద సర్వే ప్రణాళిక సమర్పిస్తారు.

మూడు దారులకూ అడ్డంగా ఇంకో చట్టం ఉంది: 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం. మీ శబ్దం వల్ల జంతువులు బెదిరే అవకాశం నిజంగా ఉంటే మత్స్య సంస్థ నుంచి ఐహెచ్ఏ అనే అధికార పత్రం తీసుకోవాలి. అది ఏడాదికి మించి చెల్లదు. ముసాయిదాపై ప్రజాభిప్రాయానికే 30 రోజులు ఉంటాయి. సర్వేకు కనీసం 6 నుంచి 9 నెలల ముందు దరఖాస్తు పెట్టకపోతే ఆ ఏడాది సీజన్ మీద ఆశ వదులుకోండి.

ఫెడరల్ అనుమతి కావాలంటే తీర రాష్ట్రానికి కూడా తన తీర నిర్వహణ విధానానికి అది సరిపోతుందో లేదో చూసే హక్కు ఉంది. దానికి ఆరు నెలల దాకా పట్టవచ్చు. అంతరించే జీవుల చట్టం, 1966 నాటి చారిత్రక సంపద చట్టం కింద సంప్రదింపులు కూడా అప్పుడే వస్తాయి. వీటిని ఫెడరల్ సంస్థే నడుపుతుంది. మీరు దానికి సమాచారం సిద్ధంగా అందించాలి, అంతే.

అన్ని గడువులనూ సర్వే తేదీ నుంచి వెనక్కి లెక్కించండి. అన్నిటికంటే పొడవైనది ముందు దాఖలు చేయాలి. సులువైనది ముందు చేద్దామనిపిస్తుంది, అది చేయకండి. రాష్ట్ర పర్మిట్ చేతికొచ్చాక ఐహెచ్ఏ మొదలుపెడితే అది వచ్చేసరికి సీజన్ దాటిపోతుంది.

4. దరఖాస్తు రాసేటప్పుడు

ఒకే పట్టిక, ఒకే మ్యాపు, అన్ని శాఖలకూ. వినడానికి చిన్న సంగతి. ఒకసారి మా బృందం రాష్ట్రానికి పంపిన కాగితంలో చిర్ప్ ప్రొఫైలర్ (ఒక రకం సబ్ బాటమ్ ప్రొఫైలర్) 2 నుంచి 16 కిలోహెర్ట్జ్ అనీ, ఫెడరల్ కాగితంలో 4 నుంచి 24 అనీ రాసింది. మధ్యలో పరికరం మారింది, ఒక ఫైలు మాత్రమే మారింది. ఆ రెండు అంకెలు ఎందుకు వేరయ్యాయో వివరించడానికి మూడు వారాలు పట్టింది. అప్పటినుంచి పట్టికకు తేదీ, కూర్పు సంఖ్య వేయకుండా ఎవరికీ పంపడం లేదు.

'అవసరాన్ని బట్టి', 'తగినంత', 'సుమారుగా' అన్న మాటలు తీసేయండి. వాటి స్థానంలో గరిష్ఠం రాయండి. సర్వే 10 రోజులు పడుతుందనుకుంటే, వాతావరణం కోసం 5 రోజులు కలిపి 15 అడగండి. 80 కిలోమీటర్ల గీతలు అనుకుంటే, మళ్లీ నడపాల్సినవి కలిపి 100 అని రాయండి. అడిగిన దానికంటే తక్కువ చేస్తే ఎవరూ ఏమీ అనరు. ఒక్క కిలోమీటరు ఎక్కువ చేస్తే మాత్రం ఉల్లంఘన.

జత చేయాల్సినవి:

- సర్వే ఎందుకో రెండు పేరాల్లో
- మ్యాపు, దాని షేప్ ఫైలు (మ్యాపు డిజిటల్ రూపం)
- చప్పుడు పట్టిక, దూరాల లెక్క
- పడవ వివరాలు: పొడవు, ఇంజిన్, ఇంధనం ఎంత పడుతుంది
- సముద్ర జంతువుల రక్షణ ప్రణాళిక
- చమురు ఒలికితే ఏం చేస్తారో తెలిపే ప్రణాళిక
- బీమా పత్రాలు, పడవ యజమానితో ఒప్పందం

5. జంతువుల రక్షణ ప్రణాళిక

తిరస్కరణలు, వెనక్కి వచ్చిన ఫైళ్లు ఎక్కువగా ఇక్కడివే. పాత ప్రణాళికలో తేదీలు మార్చి పెడితే అధికారికి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

ఎవరు చూస్తారు, ఎక్కడి నుంచి చూస్తారు, ఏం కనిపిస్తే ఏం చేస్తారు అన్నవే అసలు విషయాలు. కాలిఫోర్నియా కార్యక్రమంలో పరికరాన్ని బట్టి రక్షణ వలయం, అంటే జంతువు లోపలికి వస్తే పరికరం ఆపాల్సిన దూరం, ఉంటుంది. సింగిల్ బీమ్ ఎకోసౌండర్‌కు 50 మీటర్లు, బూమర్‌కూ సబ్ బాటమ్ ప్రొఫైలర్‌కూ 100, మల్టీబీమ్‌కు 500, సైడ్ స్కాన్‌కు 600. పడవ నుంచి 600 మీటర్ల దూరంలో నీటి మీద తేలే సీల్ తల కనిపించాలంటే పరిశీలకుడు నిలబడే చోటు ఎత్తుగా ఉండాలి, చేతిలో మంచి బైనాక్యులర్స్ ఉండాలి. మీ పడవకు అంత ఎత్తైన చోటు లేకపోతే, రెండో పడవ గానీ వేరే పడవ గానీ వెతకాలి. ఈ సంగతి పడవ అద్దెకు తీసుకున్నాక తెలిస్తే ఏం లాభం? పడవ చివర రావాలని మొదట్లోనే అన్నది అందుకే.

పరిశీలకుడి విషయంలో మూడు పట్టుదలలు అవసరం. పరికరం ఆపమని చెప్పే అధికారం అతనికి ఉందని రాతలో ఉండాలి. అతనికి వేరే పని ఇవ్వకూడదు. సోనార్ తెర చూస్తూ తిమింగలాలను ఎవరూ చూడలేరు. గంటలు గడిచేకొద్దీ కళ్లు అలసిపోతాయి కాబట్టి మార్చుకునేందుకు ఇంకొకరు ఉండాలి.

కాలం కూడా ప్రణాళికలో భాగమే. కాలిఫోర్నియా తీరం వెంట బూడిద తిమింగలాలు డిసెంబరు నుంచి దక్షిణానికి దిగి, వసంతం అంతా ఉత్తరానికి తిరిగి వెళ్తాయి. తూర్పు తీరంలో రైట్ తిమింగలాల కోసం 65 అడుగులు, అంతకు మించిన పడవలకు కొన్ని ప్రాంతాల్లో, కొన్ని నెలల్లో వేగ పరిమితి 10 నాట్లు. సర్వే వేగం ఎలాగూ 4, 5 నాట్లే. తప్పు జరిగేది సర్వేలో కాదు, పని ముగించుకుని రేవుకు తిరిగివచ్చే దారిలో.

రాత్రి పని అడగాలనుకుంటే విడిగా, కారణంతో అడగండి. పొగమంచు వస్తే ఏం చేస్తారో కూడా అదే పేరాలో రాయండి. రెండింటిలోనూ సమస్య ఒకటే: పరిశీలకుడికి వలయం కనిపించదు.

6. నోటీసులు

కాలిఫోర్నియాలో ఒక్కో సర్వేకు కనీసం 21 రోజుల ముందు కమిషన్‌కు నోటీసు వెళ్లాలి. తీరరక్షక దళం వెలువరించే నావికుల ప్రకటనలో మీ సర్వే ప్రాంతం, తేదీలు, వెనక లాగే తీగ పొడవు రావాలి. రేవు అధికారులకు, డైవింగ్ చేసేవారికి కూడా చెప్పండి.

జాలర్ల విషయంలో కాగితం చాలదు. రేవుకు వెళ్లి మాట్లాడండి. పీతల సీజన్లో అడుగున వేల కొద్దీ బుట్టలు, వాటి పైన తేలే బంతులు, మధ్యలో తాళ్లు. మీ మాగ్నెటోమీటర్ ఒక్క తాడుకు చుట్టుకుంటే వాళ్ల బుట్టా పోతుంది, మీ పరికరమూ పోతుంది. ఏ గీతలు ఏ రోజు నడుపుతారో మ్యాపు చూపిస్తే, బుట్టలు ఎక్కడున్నాయో వాళ్లే చెబుతారు. సీజన్ తర్వాతకు మార్చగలిగితే మార్చుకోవడమే మేలు.

7. పడవ ఎక్కే ఉదయం

- అనుమతి పత్రాలన్నీ ముద్రించి పడవ మీద ఉన్నాయా?
- పట్టికలోని మోడళ్లూ, పడవ మీది మోడళ్లూ ఒకటేనా?
- సాఫ్ట్‌వేర్‌లో శక్తి, ఫ్రీక్వెన్సీ పట్టిక దాటకుండా అమర్చారా?
- సరిహద్దు గీత నావిగేషన్ తెర మీద కనిపిస్తోందా?
- ఎవరు ఆపమంటే ఎవరు మీట నొక్కుతారో అందరికీ తెలుసా?
- పరిశీలకుడి పుస్తకం, ఫోన్ నంబర్ల జాబితా?
- ఇంధనం ఒలికితే పీల్చే ప్యాడ్లు?

పరికరం మొదలుపెట్టే ముందు చుట్టూ చూడాలి. తక్కువ శక్తితో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. జంతువు వలయంలోకి వస్తే ఆపాలి, సమయం రాయాలి. అది వెళ్లాక పర్మిట్‌లో చెప్పినంతసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి.

8. దారిలో తప్పితే

*పరికరం పాడైంది, బదులు వేరే మోడల్ దొరికింది.* కొత్తది పట్టికలోని హద్దుల లోపలే ఉన్నా ముందు ఇమెయిల్ పంపి, జవాబు వచ్చాకే వాడండి. హద్దు దాటితే అది పర్మిట్ సవరణ. దరఖాస్తులోనే ప్రత్యామ్నాయ మోడల్ ఒకటి చేర్చి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

*పడవ సరిహద్దు దాటింది, సోనార్ మోగుతూనే ఉంది.* ఆపండి, స్థానం, సమయం నమోదు చేయండి, అదే రోజు చెప్పండి. నావిగేషన్ ఫైల్లో అంతా ఉంటుంది. మీరు చెప్పకపోయినా అది చెబుతుంది.

*అడుగున ఓడ శిథిలం కనిపించింది.* తాకకండి, నమూనాలు తీయకండి, చిత్రాన్ని బయట పెట్టకండి. రాష్ట్ర జలాల్లో విడిచిపెట్టిన ఓడ శిథిలాలు చాలావరకు రాష్ట్ర సొత్తు. పర్మిట్ ఇచ్చిన శాఖకు స్థానం తెలియజేసి, ఆ చోటు చుట్టూ కొంత దూరం వదిలి పని కొనసాగించండి.

*దరఖాస్తు మీద జవాబు లేదు.* దాఖలు చేసిన నెలకు ఫోన్ చేయండి. 'ఎప్పుడిస్తారు' అని కాదు, 'ఫైలు సంపూర్ణంగా ఉందని నమోదైందా' అని అడగండి. చాలాచోట్ల గడియారం మొదలయ్యేది ఆ నమోదుతోనే.

9. సర్వే ముగిశాక

కాలిఫోర్నియాలో పని ముగిసిన 30 రోజుల్లో క్షేత్ర నివేదిక ఇవ్వాలి. నిజంగా నడిపిన గీతలు, రోజువారీ గంటలు, కనిపించిన జంతువులు, ఎన్నిసార్లు ఆపారు, ఎంతసేపు, ఏ షరతు ఎలా పాటించారు అన్నవి అందులో ఉండాలి. పరిశీలకుడి పుస్తకం అసలు ప్రతిని మీ దగ్గర పెట్టుకుని నకలు పంపండి.

రెండు వారాల సర్వేలో ఒక్క జంతువూ కనిపించలేదని రాసిన నివేదికను అధికారులు మెచ్చుకోరు. పరిశీలకుడు నిజంగా చూశాడా అని అనుమానిస్తారు. ఆపిన సందర్భాలు ఉంటే దాచకుండా నిమిషాలతో రాయండి.

డేటాలో ఏది వ్యాపార రహస్యమో సమర్పించేటప్పుడే గుర్తు పెట్టండి, తర్వాత అడిగితే ఆలస్యమవుతుంది. పర్మిట్ గడువు ఎప్పుడు ముగుస్తుందో క్యాలెండర్లో రాసుకుని, ఆరు నెలల ముందే పునరుద్ధరణ మొదలుపెట్టండి. అప్పుడు పెట్టాల్సిన మొదటి కాగితం, తేదీ మార్చిన అదే మ్యాపు, కొత్త కూర్పు సంఖ్య వేసిన అదే పట్టిక.